తెగిన పోగుల రిజిస్టరు

బీరక శంకరలింగానికి యాభై రెండేళ్ళు వచ్చేదాకా ఎవరికీ సంజాయిషీ రాసివ్వాల్సిన పని పడలేదు. ముప్పై ఏళ్ళపాటు గ్రాఫ్ కాగితం మీద గడులు నింపి, చీర అంచుల్లోకి హంసల్ని, కొంగుల్లోకి చిలకల్ని దించిన మనిషి. ఆ గడులు చూసుకునే జకార్డు మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టేవాళ్ళు. హంస మెడ వంకర పోయిందనుకోండి, నాలుగు గడులు చెరిపి మళ్ళీ నింపేవాడు. వంకర ఎందుకు పోయిందో మూడు ప్రతుల్లో రాసిమ్మని ఏ హంసా అడగలేదు.

అలాంటివాడు ఆటల కేంద్రంలో చేరిన పదకొండో రోజున మొదటి సంజాయిషీ రాశాడు.

ఆటల కేంద్రం అంటే కబడ్డీ, వాలీబాల్ అనుకునేరు. అది కాదు. ఫోన్లో వేళ్ళతో ఆడతారే, ఆ ఆటలు. పైన ఎక్కడో పెద్దవాళ్ళకి ఒక ఆలోచన వచ్చింది. ఆటలు ఆడే జనం ఊరూరా ఇంతమంది ఉన్నప్పుడు, అవి తయారుచేసే జనం ఊరికి ఇద్దరన్నా ఎందుకు లేరని. ఆలోచన వచ్చాక ఆగరుగా. చీరాల అవతల నేతపేటలో మూతబడ్డ పొగాకు గోడౌనుకి సున్నం కొట్టించి, ఇరవై కంప్యూటర్లు దించి, ‘ఆటల రూపకల్పన శిక్షణ కేంద్రం’ అని బోర్డు పెట్టారు. వయసుతో పని లేదు, చదువుతో పని లేదు, ఆసక్తి ఉంటే చాలన్నారు.

శంకరలింగానికి ఆసక్తి కంటే అవసరం ఎక్కువుంది. గ్రాఫ్ కాగితం అడిగేవాళ్ళు లేకుండా పోయారు. డిజైన్లన్నీ కంప్యూటర్లోనే. ఊళ్ళో చీరల డిజైన్ల షాపు కుసుమకుమారిది. ఆవిడ దగ్గరికెళ్ళి పని అడిగితే, మీ చెయ్యి నాకు తెలుసు లింగం గారూ, కానీ మౌస్ పట్టుకున్న చెయ్యి తెలీదు, కంప్యూటర్ వచ్చని ఏదో ఒక సర్టిఫికెట్ తెచ్చుకోండి, కుర్చీ ఖాళీగానే ఉంచుతా అంది. ఆ సర్టిఫికెట్ ఇచ్చే చోటు నేతపేట మొత్తానికి ఈ గోడౌనొక్కటే. అదీ సంగతి. మార్చి నెలాఖరుకి ఆగకుండా నడిచే ఆట ఒకటి చేసి చూపిస్తే సర్టిఫికెట్, లేకపోతే లేదు.

మొదటి పది రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. నేర్పే అమ్మాయి సబీహా. ఇరవై ఆరేళ్ళుంటాయేమో, ఓపిక మాత్రం అరవై ఏళ్ళది. సాఫ్ట్‌వేర్ తెరిపించి, పైన మూలన ఉన్న మూడు మూలల బొమ్మ చూపించింది. దీన్ని నొక్కితే మీరు చేసింది నడుస్తుంది, నడవకపోతే కింద ఎర్రగా ఒక లైను పడుతుంది, ఆ లైను చదవండి, దిద్దండి, మళ్ళీ నొక్కండి, నేర్చుకోవడమంటే ఇంతే అని చెప్పింది. శంకరలింగానికి ప్రాణం లేచొచ్చింది. తెర మీద బొమ్మలన్నీ చిన్న చిన్న గడులే. గడులతోనే కదా ఇన్నేళ్ళూ బతికింది. మూడోరోజుకి పచ్చ గడులతో చిలకని గీశాడు. ఆ చిలక ఎగురుతూ జామకాయలు తినాలి, వలకి తగిలితే పడిపోవాలి. అదే తన ఆట అన్నాడు. పక్క కంప్యూటర్ సువార్తమ్మది. జెరాక్స్ షాపు మూసేసి వచ్చిన మనిషి. చిలక చూసి, రెక్క తీరు బాగుంది అన్నా, చీర మీదదేగా అంది.

పదకొండో రోజున ప్రత్యేకాధికారి పరంజ్యోతి గారు ఛార్జి తీసుకున్నారు.

పరంజ్యోతి గారు చెడ్డమనిషి కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఇరవై రెండేళ్ళు ఎరువుల నాణ్యత తనిఖీలో చేశారు. బస్తాలో తప్పు దొరికితే సీలు వెయ్యడం, రాయించుకోవడం, సంతకం పెట్టడం, ఇదే తెలిసిన పని. ల్యాబులో చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తా ఒక్కో తెర ముందు ఆగారు. ఎర్రక్షరాలేమిటని అడిగారు. తప్పులు సార్, రోజుకి ఒక్కొక్కళ్ళకి పాతిక ముప్పై వస్తాయి, మామూలే అంది సబీహా. మామూలే అన్న మాటకి ఆయన మొహం మారిపోయింది.

సాయంత్రానికి గోడ మీద సర్క్యులర్ ఉంది.

“శిక్షణార్థుల తెరలపై ఎర్రని అక్షరములతో తప్పులు తరచుగా ప్రత్యక్షమగుచున్నట్లు దిగువ సంతకము చేసినవారి దృష్టికి వచ్చియున్నది. ప్రభుత్వ ఆవరణలో, ప్రభుత్వ విద్యుత్తుతో, ప్రభుత్వ పనివేళలలో తప్పులు చేయుట మిక్కిలి గర్హనీయము. ఇకమీదట ప్రతి తప్పునకును సంబంధిత శిక్షణార్థి మూడు ప్రతులలో సంజాయిషీ సమర్పించవలెను. ఒక ప్రతి అధికారికి, ఒక ప్రతి దస్త్రమునకు, ఒక ప్రతి సదరు కంప్యూటరుకు.”

కంప్యూటరుకి ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ మూడో ప్రతిని తెర పక్కన జిగురుతో అంటించాలి, తప్పు ఎక్కడ జరిగిందో వచ్చినవాళ్ళకి తెలియాలి కదా. వారం తిరిగేసరికి కొన్ని కంప్యూటర్లు పెళ్ళి పందిట్లో చదివింపుల బల్లలా తయారయ్యాయి.

శంకరలింగం మొదటి తప్పు బ్రాకెట్ది. తెరిచాడు, మూయలేదు. కిందామీదా పడి రాసిచ్చాడు: “బ్రాకెట్టు తెరిచి మూయడం మరిచితిని. ఇకముందు జాగ్రత్తగా ఉందును.” దాని మీద పరంజ్యోతి గారు పచ్చ ఇంకుతో రాశారు, తెరవడమే మానినచో మూయవలసిన అవసరము రాదు, గమనించగలరు అని.

రెండోది చిలక తప్పిపోవడం. బొమ్మకి ఒకచోట ఇంగ్లీషు చిన్నక్షరంతో పేరు పెట్టాడు, ఇంకోచోట పెద్దక్షరంతో పిలిచాడు. సాఫ్ట్‌వేర్‌కి అది వేరే చిలక. ‘చిలక దొరకలేదు’ అని చెప్పింది. సంజాయిషీ వెళ్ళింది. తిరుగు టపాలో నాలుగు ప్రశ్నలు వచ్చాయి. చిలక ఎప్పటినుంచి కనబడుటలేదు. చివరిగా చూసినవారెవరు. స్టాకు రిజిస్టరులో చిలక నమోదై యున్నదా. లేనిచో లోనికెట్లు వచ్చినది. శంకరలింగం నాలుగింటికీ నిజాయితీగా జవాబులు రాశాడు. వన్యప్రాణి చట్టము ప్రకారము చిలకను బంధించుట నేరము గనుక దొరకకపోవుటయే శ్రేయస్కరము అని ఫైలు మూసేశారు.

మూడోది సున్నాతో భాగించడం. దానికి పిలిపించి కూర్చోబెట్టి, ఆ సున్నా మీకు ఎవరు సమకూర్చారని అడిగారు. అదెక్కణ్ణించీ రాలేదండీ, జామకాయలు అయిపోయాక మిగిలింది అన్నాడు. పరంజ్యోతి గారు అది రాసుకుని, మిగిలినది వాపసు చేయవలసింది అన్నారు.

సబీహా ఒకసారి ఆయన గదికెళ్ళి నచ్చజెప్ప చూసింది. సార్, ఆ లైను మనల్ని తిట్టడం లేదు, పద్నాలుగో లైను అన్నదంటే పద్నాలుగో లైను దగ్గరికి వెళ్ళి చూడమని చెబుతోంది, అంతే అంది. యంత్రము మనకు ఆదేశాలిస్తోందా అన్నారాయన. ఆ మర్నాడు రెండో సర్క్యులర్ వచ్చింది. సంజాయిషీలు మూడు దాటి నాలుగోది పడ్డవాళ్ళ పేరు హాజరు పట్టీ నుంచి కొట్టివేయబడును. ‘తప్పు’ అనగా తెరపై కనబడినదైనను, నోటితో పలికినదైనను తప్పుగానే పరిగణింపబడును.

శంకరలింగానికి మూడూ అయిపోయాయి. ఇంకొక్క ఎర్ర లైను పడితే ఇంటికే. కుసుమకుమారి షాపులో కుర్చీ ఇంకెవరికో.

ఆ రోజు నుంచి మూడు మూలల బొమ్మ జోలికి ఎవరూ పోలేదు. నడిపిస్తేనే కదా తప్పు బయటపడేది. ఇరవై మందీ పొద్దున్నే వచ్చి, సాఫ్ట్‌వేర్ తెరిచి, అందులో ఏదో ఒకటి రాసి, నొక్కకుండా మూసేసి వెళ్ళిపోయేవాళ్ళు. సువార్తమ్మ చెయ్యి అలవాటున పోతుందేమోనని తెర మీద ఆ బొమ్మ ఉన్నచోట బొట్టుబిళ్ళ అంటించుకుంది. ఆఫీసు గోడ మీద తప్పుల పటం గీయించారు పరంజ్యోతి గారు. గీత కిందకి దిగి, దిగి, నేలకి ఆనుకుని పడుకుంది. సున్నా. పైనుంచి ‘దోషరహిత కేంద్రం’ అని ఇత్తడి ఫలకం వచ్చింది. పక్క జిల్లాల కేంద్రాల వాళ్ళు చూడ్డానికి జీపుల్లో వచ్చారు. ఇంత నిశ్శబ్దంగా ఆటలు తయారవడం ఎక్కడా చూడలేదని పుస్తకంలో రాసి వెళ్ళారు. చూడరు మరి. ఇక్కడ ఒక్కటీ తయారవలేదు.

శంకరలింగానికి అన్నం సయించడం మానేసింది. చిలక తెర మీద రెక్కలు చాపుకుని ఉంది, ఎగురుతుందో లేదో తెలీదు. ఎగరమంటే ఎగిరి చావకపోతే తను పోతాడు. ఎగరమనకపోతే మార్చి నెలాఖరుకి పోతాడు. జకార్డు మగ్గం గుర్తొచ్చింది. జానెడు నేసి చూడందే డిజైను సంగతి బ్రహ్మదేవుడికి కూడా తెలీదు. నేసి చూసుకోడానికి ఇక్కడ మగ్గమే తాకనివ్వడం లేదు.

అప్పుడు గ్రాఫ్ పుస్తకం తెచ్చాడు.

మధ్యాహ్నం అన్నాలవేళ సైకిళ్ళ షెడ్డులో, నేల మీద గ్రాఫ్ కాగితం పరిచి, చొక్కా గుండీ ఒకటి దాని మీద పెట్టాడు. అది చిలక. సువార్తమ్మని కూర్చోబెట్టి, చెల్లెమ్మా, నువ్వు కంప్యూటర్‌వి, నేను రాసింది రాసినట్టు చెయ్యి, సొంత తెలివి వాడమాక అన్నాడు. జెరాక్స్ షాపు నడిపిన మనిషి కదా, ఉన్నది ఉన్నట్టు దించడం బాగా తెలుసు.

“చిలకని పైకి కదుపు” అని చదివాడు.

“ఎన్ని గడులు?”

“కొంచెం.”

“కొంచెం అంటే నాకు తెలీదన్నా. నేను కంప్యూటర్ని.”

దిద్దాడు. మూడు గడులు అన్నాడు. గుండీ మూడు గడులు పైకెళ్ళింది. తర్వాత జామకాయ తినమన్నాడు. జామకాయ ఎక్కడుందో చెప్పలేదని ఆమె గుండీ పట్టుకుని అట్లాగే కూర్చుంది. ‘తప్పు’ అనబోయి నోరు మూసుకుంది. నోటితో పలికినా సంజాయిషీయే కదా. ఆమెకి ఇంకా ఒకటే మిగిలుంది.

శంకరలింగం నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వడం.

“ఆ మాట అననక్కర్లా. మా మగ్గం మీద అది అననే అనం. పోగు తెగింది అంటాం. తెగితే ఆపి, అతికి, మళ్ళీ నాడె విసిరి నేత సాగిస్తాం. రోజుకి యాభైసార్లు తెగుద్ది. ఎవడికీ కాగితం రాయలా.”

“అయితే నీ పోగు తెగిందన్నా” అంది సువార్తమ్మ, గుండీ కింద పెట్టి.

పన్నెండు రోజులపాటు షెడ్డులో పోగులు తెగాయి. మొదట్లో శంకరలింగం పేజీ నిండా రాసుకొచ్చి చదివేవాడు, సగంలో తెగేది, ఎక్కడ తెగిందో తెలిసేది కాదు. తర్వాత రెండు ముక్కలు రాయడం, గుండీ కదిలించి చూడటం, బాగుంటే ఇంకో ముక్క చేర్చడం నేర్చాడు. తెగినప్పుడు మొత్తం పీకకుండా, ఆఖరున ఏం చేర్చామో అక్కడే వెతికేవాడు. మగ్గం మీద ఇదంతా చేతికి తెలిసిందే, బుర్రకి ఇప్పుడు తెలిసింది.

ఒకరోజు సబీహా టిఫిన్ బాక్సు పట్టుకుని షెడ్డు పక్కనుంచి పోతా, పోగు తెగింది పోగు తెగింది అని వినబడి ఆగింది. పది నిమిషాలు నిలబడి చూసింది.  సాయంత్రం అధికారి గదికి ఒక అర్జీ పట్టుకెళ్ళింది.

సాఫ్ట్‌వేర్ అంతా ఇంగ్లీషులో ఉంది సార్, అందులోని మాటల్ని మన భాషలోకి, అందులోనూ మన నేతపేట పలుకుబడిలోకి మార్చుకునే వీలుంది, అనుమతిస్తే మారుస్తాను అని ఆ అర్జీ సారాంశం. పరంజ్యోతి గారి కళ్ళు చెమర్చాయి. భాష అంటే ఆయనకి నిజంగానే ప్రాణం, సర్క్యులర్లు చూస్తే తెలీడం లేదూ. ఆ పూటే సంతకం పెట్టారు. మర్నాడు పొద్దున్న ఇరవై కంప్యూటర్లలోనూ ఎర్ర రంగు పోయి నీలం వచ్చింది. కింద పడే లైనులో మొదటి మాట ‘పోగు తెగింది’ అని మారింది.

శంకరలింగం భయంభయంగా మూడు మూలల బొమ్మ నొక్కాడు. చిలక ఎగిరింది. గోడలోంచి దూరి అవతలికి పోయింది. కింద నీలంగా పడింది, పోగు తెగింది, ఇరవయ్యారో లైను అని. వెనక్కి తిరిగి చూశాడు. పరంజ్యోతి గారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడున్నారు. చదివారు. చాలా చక్కగా ఉంది, కానివ్వండి అన్నారు.

ల్యాబు బతికింది. సువార్తమ్మ బొట్టుబిళ్ళ పీకేసింది. టకటకా నొక్కుళ్ళు, తెగడాలు, అతకడాలు. అయితే ఇరవై రెండేళ్ళు రిజిస్టర్లు రాసిన మనిషి నీలం లైన్లు చూసి ఊరుకోలేరు కదా. ‘తెగిన పోగుల రిజిస్టరు’ అని ఒకటి తెరిపించారు. ఎవరికి ఎన్ని తెగాయో రోజూ రాయమన్నారు. ఈ పోగులు ఎక్కువ తెగడం మంచిదా కాదా అని సబీహాని అడిగారు. ఆ పిల్ల అబద్ధం చెప్పే రకం కాదు. ఎక్కువ పనిచేసేవాళ్ళకి ఎక్కువ తెగుతాయి సార్ అంది. అది నిజమే. నిజం కాబట్టే కొంప మునిగింది.

మూడో సర్క్యులర్: “ప్రతి శిక్షణార్థి దినమునకు కనీసము రెండు వందల పోగులు తెంపవలెను. లక్ష్యమును చేరనివారు సంజాయిషీ సమర్పించవలెను.”

మొదట్లో లక్ష్యం దాటడానికి ఎవరూ చెమటోడ్చలేదు. ఆట అన్నది సెకనుకి అరవైసార్లు తనని తాను మళ్ళీ గీసుకుంటుంది. కదిలే చోట ఒక్క పోగు తెగితే సెకనుకి అరవైసార్లు తెగినట్టే లెక్క. సువార్తమ్మ ఒకరోజు తెగిన ఆటని అలాగే వదిలేసి టీకి వెళ్ళింది, దార్లో చుట్టాలావిడ కనబడితే ఇరవై నిమిషాలు మాట్లాడి వచ్చింది. వచ్చేసరికి డెబ్బై రెండువేల పోగులు తెగున్నాయి. ఆమె ఠారెత్తిపోయింది. పరంజ్యోతి గారు మాత్రం శాలువా తెప్పించారు. మహిళలు ఇంతటి ఉత్పాదకత సాధించుట రాష్ట్రంలోనే ప్రథమము అని మాట్లాడి ఫోటో తీయించారు. టీకి వెళ్ళానని ఆమె చెప్పబోతే, వినయం కూడా ఉంది అన్నారు.

శంకరలింగం సంగతి వేరు. అతని ధ్యాసంతా చిలక మీదే. ముక్కముక్కగా అతుక్కుంటా వచ్చాడు. తెగిన లైను చదవడం చేతనయ్యింది. పది లైన్లు ఒకేసారి పడితే మొదటిదాన్ని పట్టుకుంటే మిగతా తొమ్మిదీ వాటంతటవే పోతాయని తెలిసింది. పాత నకలు ఒకటి దాచుకుని కొత్తది చెయ్యడం వచ్చింది. పోగులు ఐదువేలయ్యాయి, వెయ్యి అయ్యాయి, రెండొందల పదయ్యాయి. మార్చి ఇరవై ఆరు నుంచి వరసగా మూడురోజులు రిజిస్టర్లో అతని పేరెదురుగా సున్నా పడింది. చిలక గాల్లో ఈదినట్టు ఎగురుతోంది, జామకాయ తింటే తోక ఊపుతోంది, వలకి తగిలితే పాపం అనిపించేట్టు పడుతోంది. ఇరవై మందీ వంతులేసుకుని ఆడుతున్నారు.

పరంజ్యోతి గారు పిలిపించారు. రిజిస్టరు బల్ల మీద తెరిచే ఉంది.

“మీ మీద నాకు మంచి అభిప్రాయముండేది” అన్నారు నొచ్చుకుంటా. “మూడు దినములుగా ఒక్క పోగు కూడా తెంపలేదు. కారణము?”

“తెగడం లేదండీ.”

“ప్రయత్నించారా?”

“తెగకుండా ఉండాలనేగదండీ ప్రయత్నం.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. శంకరలింగానికి ఆయన మీద కోపం రాలేదు. నిజంగానే బాధపడుతున్నారాయన. సంజాయిషీ అడిగే కాగితం అప్పటికే టైపు చేయించి ఉంది, నాలుగోది, కింద సంతకమొక్కటే తక్కువ. చివరకి పరంజ్యోతి గారు దాన్ని పక్కకి జరిపి, తన అధికార పరిధిలో ఉన్నంత దయ చూపించారు. ముప్పై ఒకటిన పైనుంచి పరిశీలన బృందం వస్తోంది. వాళ్ళ ముందు ఆట ఆగకుండా నడవాలి, అది పై నియమం. అదే పూట రెండొందల పోగులు తెగాలి, ఇది ఈ కేంద్రం నియమం. రెండూ జరిగితే సర్టిఫికెట్. ఒకటి తక్కువైనా ఈ కాగితం మీద సంతకం.

బయటికొచ్చి సబీహాతో చెబితే ఆమె తల పట్టుకుంది. ఆగకుండా నడిచేదేంటి, తెగేదేంటి, ఈ రెండూ ఒకే పూట ఎలా కుదురుతాయి, నేను పైవాళ్ళకి ఉత్తరం రాస్తా బాబాయ్ గారూ అంది. ఉత్తరాలకి జవాబు వచ్చేసరికి ఏ యేటి మార్చో. వద్దమ్మా అన్నాడు శంకరలింగం. షెడ్డులోకెళ్ళి గ్రాఫ్ కాగితం పరిచి కూర్చున్నాడు. సువార్తమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది, శాలువా మడత మీద.

“తెంపడం నీకు పెద్ద పనా అన్నా. చిలక పేరు చెడగొట్టు, వేలల్లో తెగుతాయి.”

“చిలక ఆగిపోద్ది చెల్లెమ్మా. ఆగితే వాళ్ళు ఒప్పుకోరు. చిలకకి తగలకుండా తెగాల. రెండొందలు తెగి ఊరుకోవాల.”

అట్లాంటి పోగు ఎక్కడుందా అని ఇద్దరూ కాగితం మీద గుండీ జరుపుతా వెతికారు. మూడు నెలల కిందట ఇదే మనిషి బ్రాకెట్ మూయడం మర్చిపోయాడు. ఇప్పుడు ఎక్కడ తెగితే ఏది ఆగుద్దో, ఏది ఆగదో వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఆ సంగతి అతనికి తట్టలేదు, పనిలో ఉన్నాడు. సాయంత్రానికి దొరికింది. తోటలో లేని జామకాయ ఒకటి ఉందనుకుని, దాన్ని తినమని చిలకకి పక్కనుంచి చెప్పడం. చిలకకి ఆ కాయ దొరకదు, పోగు తెగిందని కింద పడుద్ది, చిలక పట్టించుకోకుండా తన దారిన తను ఎగురుద్ది. అలా చెప్పిందెన్నిసార్లో లెక్కపెట్టి, రెండొందలు కాగానే నోరు మూసుకోమనడం. మొత్తం ఆరు లైన్లు.

ముప్పై ఒకటిన బృందం వచ్చింది. ముగ్గురు. పెద్దావిడ ముందు కూర్చుంది, మిగతా ఇద్దరూ ఆమె ఏమంటే అదనడానికి వెనక నిలబడ్డారు. పరంజ్యోతి గారు ఫలకం చూపించారు, పటం చూపించారు, రిజిస్టరు చూపించారు. ఈ కేంద్రం ప్రత్యేకత ఏమిటంటే తప్పులు సున్నా, తెగిన పోగులు లక్షా నలభైవేలు అన్నారు. ఆవిడ తలాడించింది. ఏం పోగులని అడిగితే తనకి తెలీదని తేలిపోతుందని అడగలేదు.

శంకరలింగం వంతు వచ్చింది. మూడు మూలల బొమ్మ నొక్కాడు.  చిలక ఎగిరింది, తెర కింద నీలం లైన్లు జలజలా పడటం మొదలెట్టాయి. పరంజ్యోతి గారు వంగి, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చుకుని లెక్క చూస్తున్నారు. నూట పది. నూట తొంభై. రెండు వందలు. ఆగింది. చిలక ఆగలేదు. తోట దాటి, వల కిందనుంచి దూరి, పైకొమ్మ జామకాయ అందుకుని తోక ఊపింది. పెద్దావిడ, ఏదీ ఇటివ్వండి అని మౌస్ తీసుకుంది. నాలుగుసార్లు వలకి తగిలింది. ఐదోసారి తగలకుండా దాటి, వెనకవాళ్ళ వైపు చూసి, వాళ్ళు చప్పట్లు కొట్టాక మళ్ళీ మొదలెట్టింది. జీపు డ్రైవర్ హారన్ కొట్టేదాకా లేవలేదు.

పరంజ్యోతి గారు శంకరలింగం చెయ్యి పట్టుకున్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో లక్ష్యానికి తక్కువ చేసినవాళ్ళని చూశాను, ఎక్కువ చేసి గొప్పలు పోయినవాళ్ళని చూశాను, ఒక్క పోగు అటూ ఇటూ కాకుండా సరిగ్గా తెంపినవాణ్ణి ఇదే చూడటం అన్నారు.  సర్టిఫికెట్ ఆయనే దగ్గర కూర్చుని, తన చేత్తో రాశారు.

మర్నాడు శంకరలింగం దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కుసుమకుమారి షాపుకెళ్ళాడు. దారిలో చదవలేదు. సర్టిఫికెట్ అంటే సర్టిఫికెట్టే కదా అనుకున్నాడు. ఆవిడ తీసి, చదివి, కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చదివి, పైకి చదివింది.

“‘శ్రీ బీరక శంకరలింగము దినమునకు రెండు వందల పోగులను క్రమశిక్షణతో, నిలకడగా, ఒకటి హెచ్చుతగ్గులు లేక తెంపగల సామర్థ్యము కలవారని ధ్రువీకరించడమైనది.’”

షాపులో పనిచేసే ఆడపిల్లలిద్దరు మొహాలు పక్కకి తిప్పుకున్నారు. శంకరలింగం నేతపేటలో, చీరల షాపులో, పోగులు తెంపడం వచ్చని కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

“లింగం గారూ, చీరలు అమ్ముకునేదాన్ని. తెంపేవాళ్ళు నాకెందుకండీ?”

 సర్క్యులర్లన్నీ చెప్పాలంటే పొద్దు చాలదు. నోటికొచ్చింది చెప్పాడు.

“తెంపినవన్నీ అతికానమ్మా.”

“అతికినచోటు చూపించండి.”

“అతికినచోటు కనబడితే ఇంకేం అతికినట్టమ్మా.”

ఆవిడ కాగితం మడిచి సొరుగులో పెట్టి, కాలితో కుర్చీ ఇటు నెట్టింది. కంప్యూటర్ మీద కొంగు డిజైను ఒకటి సగంలో ఉంది, నిన్నటినుంచి ఎవరికీ లొంగటం లేదంట. కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ కొత్తది, బొమ్మలన్నీ వేరేచోట్ల ఉన్నాయి. అదేమో ఇదేమో అనుకుంటా ఒకటి నొక్కాడు. కింద ఎర్రగా ఒక లైను పడింది.

 వెనక్కి తిరిగి చూశాడు. కుసుమకుమారి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. ఆడపిల్లలు వాళ్ళ పనిలో వాళ్ళున్నారు. ఆ లైను ఎవరికీ పట్టలేదు.

కుర్చీ దగ్గరికి లాక్కుని, తెర మీదకి వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా చదవడం మొదలుపెట్టాడు.